పట్టికలో లేని ఉక్కు

గాజువాక ఆటోనగర్‌లో వర్క్‌షాప్ నడుపుతున్నవాడు అల్లుడు. రసాయన ప్లాంట్లలో ఇన్‌స్పెక్షన్ పని చేసి రిటైరైన మనిషి మేనమామ. పరవాడ వైపు ఒక మందుల ఫ్యాక్టరీకి థెర్మిక్ ఫ్లూయిడ్ లైన్లో వేయడానికి రెండంగుళాల టీలు (పైపుకి కొమ్మ తీసే ముక్కలు), ఆరంగుళాల వెల్డ్‌నెక్ ఫ్లాంజులు అర్జంటుగా కావాలి. ఆయిలు 280 డిగ్రీల సెల్సియస్ దగ్గర తిరుగుతుంది, ప్రెషర్ చదరపు సెంటీమీటరుకి ఆరు కేజీలు. డ్రాయింగ్‌లో ఏఎస్‌టీఎం ఏ105 ఫోర్జింగ్ అని ఉంది. అల్లుడి దగ్గర ఉన్నవి రౌండ్ బారు, ఐఎస్ 2062 ప్లేటు. వాటితోనే చేసిస్తే తప్పేమిటన్న దగ్గర వాదన మొదలైంది.

అల్లుడు: మామయ్యా, కోపం తెచ్చుకోకుండా వినండి. ఫోర్జ్‌డ్ టీలు రావడానికి మూడు వారాలు పడుతుందంటున్నాడు డీలరు. ప్లాంటు అన్నాళ్లు ఆగదు. బారు లేత్‌కి ఎక్కిస్తే రెండు రోజుల్లో టీలు తీస్తాను. ప్లేటు కోసి ఫ్లాంజులు తిప్పుతాను. కొలతల్లో వెంట్రుకవాసి తేడా ఉండదు. ఇంకేం కావాలి?

మామ: కొలతల్లో నిన్నెవరూ తప్పు పట్టరు. కానీ ఏ105 స్పెసిఫికేషన్‌లోనే ఒక మాట ఉంది. ఎల్బోలు, టీలు నేరుగా బారులోంచి మెషిన్ చేయకూడదు. లోపల బోలుగా ఉండే గుండ్రటి ముక్కలకైతే ఒప్పుకుంటుంది. అది కూడా ముక్క పొడవు, బారు సాగిన దిశ ఒకటే అయితేనే. ఎందుకంటావు?

అల్లుడు: ఫోర్జింగ్ కంపెనీల వ్యాపారం సాగడానికి.

మామ: వాళ్ల వ్యాపారం ఎలాగూ సాగుతుందిలే. బారును రోలింగ్‌లో సాగదీసినప్పుడు ఉక్కులో ఉన్న మాంగనీస్ సల్ఫైడ్ వంటి మలినాలు కూడా పొడవుగా సాగిపోతాయి. కర్రకి పోగు ఉన్నట్టే ఉక్కుకీ ఒక పోగు ఏర్పడుతుంది. కట్టె ఎటు సులువుగా చీలుతుందో నీకు తెలుసు కదా. ఫోర్జింగ్‌లో టీ ఆకారం ఎటు వంగితే పోగు అటు వంగుతుంది. నువ్వు బారుకి అడ్డంగా బొక్క వేసి కొమ్మ తీస్తే, ఆ కొమ్మ గోడలో పోగు అడ్డంగా తెగి ఉంటుంది. లోపలి ప్రెషర్, బయట లైను తోపుడు రెండూ సరిగ్గా బలహీనమైన దిశలోనే లాగుతాయి.

అల్లుడు: ఫ్లాంజుకి ఆ గొడవ లేదుగా. ప్లేటు నాలుగు వైపులా గట్టిదే.

మామ: నిడివిలో గట్టిది, వెడల్పులో గట్టిది. మందం దిశలో కాదు. వెల్డ్‌నెక్ ఫ్లాంజుకి మెడ ఉంటుంది కదా, అది ప్లేటు మందంలోంచే రావాలి. పైపు ఆ మెడను మందం దిశలోనే లాగుతుంది. లోపల లామినేషన్ ఒకటి ఉంటే పొర ఊడినట్టు ఊడుతుంది. అందుకే ఫ్లాంజుల ప్రమాణం బి16.5 ప్లేటును బ్లైండ్ ఫ్లాంజులకూ, మెడ లేని కొన్ని రెడ్యూసింగ్ ఫ్లాంజులకూ మాత్రమే ఒప్పుకుంది. ప్రెషర్ వెసెల్ కోడ్ ఇంకో దారి ఇచ్చింది. ప్లేటును పట్టీలుగా కోసి, రింగులా వంచి, అతుకు వెల్డ్ చేసి, ప్లేటు పై ముఖాలు ఫ్లాంజు ఇరుసుకి సమాంతరంగా ఉండేటట్టు తిప్పుకోవచ్చు. అప్పుడు లాగుడు మందం దిశలో పడదు.

అల్లుడు: ఉన్న ప్రెషరే ఆరు కేజీలు మామయ్యా. సైకిల్ పంపు కొట్టినంత.

మామ: పైపుకి ప్రెషర్ ఒక్కటే బరువా? కార్బన్ స్టీలు మీటరుకి డిగ్రీకి పన్నెండు మైక్రాన్లు పెరుగుతుంది. ముప్పై డిగ్రీల నుంచి 280కి వెళ్తే పది మీటర్ల లైను మూడు సెంటీమీటర్లు సాగుతుంది. ఆ సాగుడంతా ఎల్బోలు, టీలు, ఫ్లాంజు మెడలే మోయాలి. ప్రతి షట్‌డౌన్‌కీ వెనక్కి, ప్రతి స్టార్టప్‌కీ ముందుకి. పైగా అందులో ఉన్నది నీళ్లు కాదు. 280 డిగ్రీల థెర్మిక్ ఆయిల్ చిన్న పగులులోంచి బయటికి చిమ్మితే పొగమంచులా లేస్తుంది, దగ్గర్లో నిప్పు ఉంటే అంటుకుంటుంది.

అల్లుడు: సరే, లెక్కల్లోకే వద్దాం. ఏ105కి కనీస యీల్డ్ 250 మెగాపాస్కల్. నా ఐఎస్ 2062 ఇ250కీ అదే 250. మరి తేడా ఎక్కడ?

మామ: లెక్క సగంలో ఆపేశావు. పైపింగ్ కోడ్ బి31.3 యీల్డ్‌లో మూడింట రెండు వంతులూ, టెన్సైల్‌లో మూడో వంతూ చూసి ఏది తక్కువైతే అది తీసుకుంటుంది. ఏ105కి టెన్సైల్ 485, మూడో వంతు సుమారు 161. నీ ప్లేటు టెన్సైల్ 410, మూడో వంతు 136 పైచిలుకు. అక్కడితో అయిపోలేదు. అది కట్టడాల కోసం చేసిన ఉక్కు కాబట్టి కోడ్ ఇంకో 0.92తో గుణించమంటుంది. మిగిలేది దాదాపు 126. అంటే 161 మోసే చోట నీ ప్లేటు 126 మోస్తుంది. ఇదీ మామూలు వేడిలో లెక్క. 280 దగ్గర దాని యీల్డ్ ఎంతో ఐఎస్ 2062 చెప్పదు. చెప్పాల్సిన అవసరం దానికి లేదు, దాన్ని రాసింది ఇళ్లకీ వంతెనలకీ.

అల్లుడు: ఆగండాగండి. ఇప్పుడు మీరు నా ప్లేటుకి లెక్క కట్టారు. అంటే కోడ్ దాన్ని పూర్తిగా తోసెయ్యలేదన్నమాట. పట్టికలో లేనిది వాడకూడదని మీరే కదా ఇన్నేళ్లూ చెప్పింది?

మామ: నేను చెప్పింది అది కాదు, నువ్వు విన్నది అది. బి31.3లో పదార్థాల అధ్యాయం మొదట్లోనే మూడు నాలుగు చిన్న పేరాలున్నాయి. పట్టికలో ఉన్న పదార్థం నేరుగా వాడుకోవచ్చు. పట్టికలో లేకపోయినా, అచ్చయిన స్పెసిఫికేషన్ ఒకటి ఉండి, అందులో రసాయనం, బలం, తయారీ పద్ధతి, హీట్ ట్రీట్‌మెంట్, నాణ్యత తనిఖీ అన్నీ రాసుంటే, కోడ్ పద్ధతిలో స్ట్రెస్ లెక్క కట్టుకుని వాడుకోవచ్చు. పాత ప్లాంటులోంచి విప్పిన పైపు కూడా, అది ఏ స్పెసిఫికేషన్‌దో గుర్తించి, శుభ్రం చేసి, మందం కొలిచి, లోపాలు లేవని చూసుకుంటే వాడుకోవచ్చు. ఒక్కదానికి మాత్రం తలుపు మూసేసింది. ఏ స్పెసిఫికేషన్‌దో తెలియని పదార్థం ప్రెషర్ మోసే ముక్కలో పెట్టకూడదు.

అల్లుడు: అయితే నా ప్లేటుకి దారి ఉంది.

మామ: ప్లేటుకి ఉంది, మిల్ సర్టిఫికెట్ ఉంటే. మరి నీ బారు ఎక్కడిది?

అల్లుడు: తుక్కు షాపులో కొన్నాను. ఈఎన్8 అన్నాడు. కావాలంటే ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్ అద్దెకి తెచ్చి మీ ముందే పెడతాను. పది సెకన్లలో ఉక్కులో ఏముందో తెర మీద పడుతుంది. ఇంక తెలియని పదార్థం ఎలా అవుతుంది?

మామ: ఆ గన్ కార్బన్‌ని చూడలేదు. తేలిక మూలకాలు దాని కంటికి ఆనవు. ఈఎన్8లో కార్బన్ 0.35 నుంచి 0.45 శాతం. మైల్డ్ స్టీలులో అందులో సగం. గన్ తెర మీద రెండూ ఇనుము, కొంచెం మాంగనీస్ అనే కనిపిస్తాయి. నీ వెల్డరు మైల్డ్ స్టీలే అనుకుని చల్లటి బారు మీద మామూలు రాడ్‌తో వెల్డ్ వేస్తాడు. పక్కనున్న ఉక్కు గట్టిపడి పెళుసవుతుంది. హైడ్రోజన్ చేరి కొన్ని గంటల తర్వాత వెల్డు పక్కన వెంట్రుక పగులు వస్తుంది. నువ్వప్పటికి బిల్లు రాసేసి ఉంటావు.

అల్లుడు: కార్బన్ చూడాలంటే స్పార్క్ స్పెక్ట్రోమీటర్ ఉంది. ల్యాబులో ముక్క ఇస్తే చెప్తారు.

మామ: చెప్తారు. రసాయనం తేలుతుంది. రసాయనం కుదిరినంత మాత్రాన ఉక్కు కుదిరినట్టు కాదు. పవర్ ప్లాంట్లలో వాడే పీ91 తెలుసుగా, తొమ్మిది శాతం క్రోమియం, ఒక శాతం మాలిబ్డినం, కొద్దిగా వెనేడియం, నియోబియం. దాని బలమంతా నార్మలైజింగ్, టెంపరింగ్ చేసిన తీరులో ఉంది. వేడి లెక్క తప్పితే అదే రసాయనంతో మెత్తటి ఉక్కు తయారవుతుంది. గన్ పెట్టినా, స్పెక్ట్రోమీటర్ పెట్టినా పీ91 అనే చెప్తాయి. పైపు మాత్రం కొన్నేళ్లకి వెల్డు పక్కన చీలుతుంది. స్పెసిఫికేషన్‌లో తయారీ పద్ధతి, హీట్ ట్రీట్‌మెంట్ ఉండాలని కోడ్ పట్టుబట్టేది అందుకే.

అల్లుడు: మీరు పీ91 పేరు ఎత్తారు కాబట్టి ఇక నా వంతు. అది పట్టికలోకి ఎప్పుడొచ్చింది? 1970లలో అమెరికాలో ఓక్ రిడ్జ్ ల్యాబులో దాన్ని రూపొందించారు, 1980లలో కోడ్ ఒప్పుకుంది. అంతకుముందు అదీ పట్టికలో లేని ఉక్కే. ఎవరో ఒకరు ధైర్యం చేయకపోతే పట్టిక పెరగదు. హైదరాబాద్‌నే చూడండి. మన భారజల రియాక్టర్లలో ఇంధనం చుట్టూ ఉండే ప్రెషర్ ట్యూబులు మొదట జిర్కలాయ్-2తో చేసేవారు. అప్పటికి అదే అందరూ ఒప్పుకున్న పదార్థం. 1983 ఆగస్టు 1న కెనడాలో పికరింగ్ రెండో యూనిట్‌లో ఆ ట్యూబు ఒకటి చీలింది. లోహం హైడ్రోజన్ పీల్చుకుని పెళుసైపోయింది. ఆ తర్వాత పాత ట్యూబులున్న రియాక్టర్లూ జిర్కోనియం 2.5 నియోబియం వైపు తిరిగాయి. హైదరాబాద్‌లోని మన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ కూడా ఆ ట్యూబులే చేసింది. రాజస్థాన్ రెండో యూనిట్ ట్యూబులన్నీ ఊడదీసి కొత్త లోహంతో వేశారు. పాత పదార్థాన్నే పట్టుకుని కూర్చుని ఉంటే?

మామ: మంచి ఉదాహరణే తెచ్చావు. దాన్నే ఇంకాస్త ముందుకి తీసుకెళ్దాం. ఆ కొత్త లోహాన్ని ఎవరైనా ఒక రాత్రి పాత ట్యూబు బదులు పెట్టేశారా? ట్యూబులు తీసి కోసి చూశారు. హైడ్రోజన్ ఎంత చేరిందో, ట్యూబు ఎంత సాగిందో, ఎంత వంగిందో ఏళ్ల తరబడి కొలుస్తున్నారు, ఇప్పటికీ కొలుస్తూనే ఉన్నారు. కొత్త లోహం వాడినవాడు పని అయిపోయిందనుకోలేదు, పని అప్పుడే మొదలైందనుకున్నాడు. ధైర్యం వద్దని నేననను. దానికి కాపలా పెట్టమంటాను.

అల్లుడు: కాపలా ఉన్నంత మాత్రాన పట్టిక నిజమైపోతుందా? కార్బన్-హాఫ్ మోలీ స్టీలు సంగతి మర్చిపోయారా? హైడ్రోజన్ లైన్లలో అది ఇంత వేడి దాకా ఆగుతుందని నెల్సన్ వక్రాల్లో గీత గీసి మరీ పెట్టారు. ఆ గీత నమ్మి ప్రపంచమంతా పైపులు వేసింది. అవి పగలడం మొదలయ్యాక 1990లో అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఏపీఐ) ఆ గీతే తుడిచేసింది. 2010 ఏప్రిల్ 2న అమెరికాలో అనకోర్టెస్ రిఫైనరీలో కార్బన్ స్టీలు హీట్ ఎక్స్‌చేంజర్ పేలి ఏడుగురు చనిపోయారు. నెల్సన్ వక్రం ప్రకారం అది సురక్షితమైన వైపే ఉందనుకున్నారు. అది పట్టికలో ఉన్న ఉక్కే, ప్రమాణం ప్రకారం ఎంచిన ఉక్కే. మీ పట్టిక వాళ్లని కాపాడిందా?

మామ: కాపాడలేదు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, చెప్పకూడదు కూడా. పట్టిక అంటే ఇప్పటిదాకా తెలిసినదాని మూట, అంతే. కానీ తర్వాత ఏం జరిగిందో చూడు. అనకోర్టెస్‌లో పగిలింది ఏ ఉక్కో, వెల్డు తర్వాత హీట్ ట్రీట్‌మెంట్ చేశారో లేదో రికార్డుల్లో ఉంది. కాబట్టి 2016లో ఏపీఐ, వెల్డు చేసి హీట్ ట్రీట్‌మెంట్ చేయని కార్బన్ స్టీలుకి వేరే గీత, ఇంకా కిందకి, గీసింది. అలాంటి ఉక్కు ఉన్న ప్రతి రిఫైనరీ తన ఎక్స్‌చేంజర్లని మళ్లీ లెక్కేసుకోగలిగింది. నీ తుక్కు బారు పగిలితే ఆ పాఠం ఎవరికి చేరుతుంది? అది ఏమిటో ఎవరికీ తెలియదుగా.

అల్లుడు: అంటే పేరుంటే తప్పు కూడా పనికొస్తుందంటారు.

మామ: తప్పు దొరికినప్పుడు, అది ఇంకెక్కడెక్కడ ఉందో వెతుక్కోవడానికి పనికొస్తుంది. 2012 ఆగస్టు 6న కాలిఫోర్నియాలో రిచ్‌మండ్ రిఫైనరీలో ఎనిమిదంగుళాల లైను చీలింది. ఆవిరి మేఘం పంతొమ్మిది మందిని కమ్మేసింది, అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. తర్వాతి వారాల్లో చుట్టుపక్కల దాదాపు 15,000 మంది ఆస్పత్రులకి వెళ్లారు. ఆ లైనులో యాభై రెండంగుళాల ముక్క ఒకటి సల్ఫర్ తినేసి కాగితంలా పలచబడింది. అందులో సిలికాన్ 0.01 శాతమే. 1976లో వేసిన ఏ53 పైపు. ఏ53లో సిలికాన్‌కి కనీస హద్దు లేదు, ఏ106లో 0.10 శాతం ఉండాలి. వేడి సల్ఫర్ ముందు ఆ కొంచెం తేడాయే పైపు ఆయుష్షుని తేలుస్తుంది. దాని పక్కనే ఉన్న ఎల్బోలో సిలికాన్ 0.16. అది అంత పలచబడలేదు. పేరుకి రెండూ కార్బన్ స్టీలే.

అల్లుడు: అది కూడా పట్టికలో ఉన్న ఉక్కే కదా! మీ ఉదాహరణలన్నీ నా వైపే వస్తున్నాయి.

మామ: రానీ. పట్టికలో ఉన్న రెండు ఉక్కుల మధ్యనే ఇంత తేడా ఉంటే, "ఏదైతేనేం, ఇనుమే కదా" అనే మాటకి ఇంక చోటెక్కడ?

అల్లుడు: సరే, ఇంకో మాట. తయారైన ముక్కని హైడ్రో టెస్ట్‌లో పెడతాను. డిజైన్ ప్రెషర్‌కి ఒకటిన్నర రెట్లు. అవసరమైతే రెండు రెట్లు. ఆగితే వాడండి, పగిలితే పారేయండి. సాక్ష్యం కళ్ల ముందే ఉంటుంది.

మామ: హైడ్రో టెస్ట్ చల్లటి నీళ్లతో ఒక గంట. నీ టీ అందులో ఆగుతుంది, నాకేం అనుమానం లేదు. కానీ వేడి ఎక్కితే బలం ఎంత తగ్గుతుందో, అలసట పగుళ్లు ఎప్పుడు మొదలవుతాయో, హైడ్రోజన్ ఏం చేస్తుందో నీళ్లు చెప్పవు. మామూలు వేడి దాటి క్రీప్ (వేడిలో మెల్లగా సాగడం) పట్టే చోట్ల కోడ్ లక్ష గంటల బలం చూస్తుంది. అంటే పదకొండేళ్లకి పైన. ఒక గంట టెస్ట్ దానికి బదులవుతుందా? 2005లో టెక్సస్ సిటీ రిఫైనరీలో ఫిబ్రవరిలో ఓవర్‌హాల్ చేశారు. అక్కడ ఒకే కొలతలున్న ఎల్బోలు మూడు ఉన్నాయి. ఒకటి కార్బన్ స్టీలుది, రెండు 1.25 శాతం క్రోమియం అల్లాయ్‌వి. బిగించేటప్పుడు కార్బన్ ముక్క అల్లాయ్ ముక్క చోటికి వెళ్లింది. కంటికి తేడా లేదు, బోల్టులు సరిపోయాయి, లైను నడిచింది. వేడి హైడ్రోజన్ ఉక్కులోపలి కార్బన్‌ని తినేసింది. జులై 28న ఎల్బో పేలింది. మూడు కోట్ల డాలర్ల నష్టం. ఒక్కరికి చిన్న గాయంతో పోయింది, అదృష్టం.

అల్లుడు: అయితే తక్కువది పెట్టడం తప్పు. ఎక్కువది పెడితే? ఏ105 బదులు 304 స్టెయిన్‌లెస్ పెడతాను, ఖరీదు నేనే భరిస్తాను. అప్పుడేమంటారు?

మామ: ఎక్కువది అన్నది దేనికి? స్టెయిన్‌లెస్ మీటరుకి డిగ్రీకి పదిహేడు మైక్రాన్ల దాకా పెరుగుతుంది, పక్కనున్న కార్బన్ పైపు పన్నెండు. ఫ్లాంజు, బోల్టులు, పైపు తలో రకంగా సాగుతాయి. పైగా మనది సముద్రపు గాలి. ఇన్సులేషన్‌లోకి ఉప్పు తడి చేరి, షట్‌డౌన్‌లో లైను వంద డిగ్రీల చుట్టుపక్కల ఉంటే, క్లోరైడ్ స్ట్రెస్ కొరోషన్ పగుళ్లు వస్తాయి. కార్బన్ స్టీలుకి ఆ జబ్బే రాదు. మంచి ఉక్కు, చెడ్డ ఉక్కు అని విడిగా ఉండవు. ఏ చోటికి ఏది అన్నదే.

అల్లుడు: మందం రెట్టింపు చేస్తే?

మామ: ప్రెషర్‌కి పనికొస్తుంది. పగులుకి పనికి రాదు. మందం పెరిగితే వెల్డు త్వరగా చల్లారుతుంది, గట్టిపడుతుంది, లోపలా బయటా వేడి తేడా పెరుగుతుంది. ఇంగ్లాండులో ఫ్లిక్స్‌బరో ప్లాంటు ఐదో రియాక్టరుకి 1974లో పగులు వచ్చింది చూడు. పన్నెండున్నర మిల్లీమీటర్ల పైనే ఉన్న గోడ. మీద పోసిన నీళ్లలో ఉన్న నైట్రేట్ చీల్చేసింది.

అల్లుడు: ఫ్లిక్స్‌బరో అంటే పేలిపోయిందే కదా. అది మెటీరియల్ తప్పు కాదని చదివాను.

మామ: అవును, కాదు. నీకు బాగా పనికొచ్చే కథ అదే. ఐదో రియాక్టరు తీసేసి, నాలుగుకీ ఆరుకీ మధ్య ఇరవై అంగుళాల పైపు అడ్డదారిగా వేశారు. వాటి నాజిళ్లు ఇరవై ఎనిమిదంగుళాలవి, ఒకే ఎత్తులో లేవు. అందుకని పైపుకి మెలిక పెట్టి, రెండు చివరలా బెల్లోస్ తగిలించారు. పైపు ఉక్కు మంచిదే, వెల్డింగూ మంచిదే. డ్రాయింగ్ మాత్రం వర్క్‌షాప్ నేల మీద సుద్దముక్కతో గీశారు. మెలిక వల్ల పక్కకి ఎంత తోపుడు వస్తుందో ఎవరూ లెక్క కట్టలేదు. బెల్లోస్ తయారీదారు గైడు ఎవరూ తెరవలేదు. గాలితో తొమ్మిది కేజీలకి టెస్ట్ చేశారు, సేఫ్టీ వాల్వు సెట్టింగు పదకొండు. ఏప్రిల్ మొదట్లో లైను ఎక్కింది, జూన్ 1న ప్లాంటు పేలి ఇరవై ఎనిమిది మంది పోయారు. ప్రమాణంలో లేని ముక్కని చేయడం వాళ్ల తప్పు కాదు. ప్రమాణంలో లేని ముక్క చేస్తున్నామని గుర్తించకపోవడం తప్పు. దానికి లెక్క ఎవరు కడతారు, ఎవరు చూస్తారు అని అడిగినవాడు ఒక్కడూ లేడు.

అల్లుడు: అడిగే ఉద్యోగం వాళ్లకి ఉంది మామయ్యా. నాకు ఉన్నది ఇద్దరు వెల్డర్లు. జిర్కోనియం ట్యూబుకి దేశం మొత్తం వెనకుంది. ప్రభుత్వ లోహ సంస్థ మిధానీ కొత్త మిశ్రలోహం చేస్తే ల్యాబు వాళ్లది, ఖర్చు ప్రభుత్వానిది. నేను మాత్రం ఒక్క టీకి ప్రూఫ్ టెస్ట్, అల్ట్రాసోనిక్, ల్యాబు రిపోర్టు, లెక్కల ఇంజనీరు అంటే టీ కంటే కాగితం ఖరీదవుతుంది. పట్టిక దాటే హక్కు పెద్దవాళ్లకే ఇచ్చి, చిన్నవాడిని "ప్రమాణం" అని కట్టేయడం కాదా ఇది?

మామ: అందులో న్యాయం ఉంది. సాక్ష్యానికి ఖర్చవుతుంది, ఆ ఖర్చు చిన్న వర్క్‌షాప్ మీద ఎక్కువ బరువు పడుతుంది. కోడ్ ఆ సంగతి పట్టించుకోదు. కానీ నీకు కూడా చవకైన దారులు ఉన్నాయి, నువ్వు వెతకలేదు. పట్టికలో లేని కాంపొనెంటుకి కోడ్ నాలుగు రకాల సాక్ష్యం ఒప్పుకుంటుంది: ఇలాంటి ఉక్కుతో, ఇలాంటి కొలతల్లో, ఇలాంటి పనిలో బాగా నడిచిన అనుభవం, ప్రయోగశాలలో స్ట్రెస్ కొలత, ప్రూఫ్ టెస్ట్, కంప్యూటర్‌లో వివరమైన స్ట్రెస్ విశ్లేషణ. ఒక రకం ఫిట్టింగ్‌కి ఒకసారి చేయించుకుంటే ఆ ఫైలు పదిసార్లు వాడుకోవచ్చు. ఆటోనగర్‌లో నలుగురు కలిసి చేయించుకుంటే ఖర్చు నాలుగు వాటాలు.

అల్లుడు: ఇప్పుడు ఈ టీల సంగతి చెప్పండి. నలుగురు కలిసేదాకా ఫ్యాక్టరీ ఆగదు.

మామ: టీ కావాలని ఎవరన్నారు? అక్కడ కావలసింది కొమ్మ. సర్టిఫికెట్ ఉన్న ఏ106 పైపు తీసుకో, విశాఖలో దొరుకుతుంది. పైపు మీద పైపు కూర్చోబెట్టి వెల్డ్ చెయ్. బొక్క వేసినప్పుడు పోయిన లోహం చుట్టుపక్కల మళ్లీ ఉందో లేదో కోడ్‌లో ఏరియా రీప్లేస్‌మెంట్ లెక్క ఉంది, సరిపోకపోతే ప్యాడ్ వెయ్. ఇది ప్రమాణం దాటడం కూడా కాదు. ఫ్లాంజులకి సర్టిఫికెట్ ఉన్న ఫోర్జింగ్ బ్లాంకులు తెచ్చి నీ లేత్ మీద తిప్పు. హీట్ నంబరు ముక్క మీద పంచ్ చేసి ఉంచు, కోసినప్పుడల్లా మళ్లీ కొట్టు. ఈఎన్8 బారుని షాఫ్టులకి వాడుకో.

అల్లుడు: ఇది ఫ్యాక్టరీ వాళ్లకి చెప్పాలా? వాళ్లకి కావలసింది లైను నడవడం.

మామ: అసలు విషయం అక్కడే ఉంది. వేరే పదార్థం వాడటంలో పాపం లేదు. చెప్పకుండా వాడటంలో ఉంది. ఎలాంటి సాక్ష్యం చూపించినా దానికి ఓనర్ ఆమోదం ఉండాలని కోడ్ అంటుంది. డ్రాయింగ్‌లో ఏ105 టీ అని ఉంటే, నువ్వు కొమ్మ వెల్డ్ చేస్తున్నానని రాసి, లెక్క జతచేసి, డిజైనర్ సంతకం తీసుకో. ఇది స్టీం కాదు కాబట్టి ఇండియన్ బాయిలర్ నిబంధనల (ఐబీఆర్) ఫారాలు లేవు. స్టీం లైను అయి, ప్రెషర్ మూడున్నర కేజీలు దాటి ఉంటే చట్టం వేరే కథ, నీ ఇష్టమూ నా ఇష్టమూ ఉండేవి కావు. ఇక్కడ చట్టం అడగట్లేదు కాబట్టి అడగాల్సినవాడివి నువ్వే.

అల్లుడు: బాగుంది. ఇక నుంచి కోటేషన్‌లో రెండు లైన్లు రాస్తాను. ఒకటి ముక్క ధర, రెండోది దాని సాక్ష్యం ధర: సర్టిఫికెట్, టెస్టు, లెక్క. రెండూ విడివిడిగా. ఫోన్ చేసి "ఏదో ఒకటి చేసి పంపించెయ్, మేం చూసుకుంటాం" అన్నవాడిని ఆ మాట ఈమెయిల్‌లో పెట్టమంటాను.

మామ: చాలా ఫోన్లు అక్కడితో ఆగిపోతాయి.

అల్లుడు: ఆగిపోతాయి. ఆర్డరు పక్క వీధిలో ఇంకొకడికి వెళ్తుంది. వాడు తుక్కు బారు లేత్‌కి కడతాడు, రెండు రోజుల్లో డెలివరీ ఇస్తాడు. నాకు పోయిన ఆర్డరు మీ బి31.3లో ఏ పేరా కింద వస్తుంది మామయ్యా?

మామ: ఏ పేరా కిందా రాదు. అది కోడ్ రాసేవాళ్ల పని కాదు, కొనేవాళ్ల పని. సాక్ష్యం ధర కోటేషన్‌లో చూసి కొట్టేసే పర్చేజ్ మేనేజర్ ఉన్నంతకాలం నీ మాట నిజమే.